నెట్ నిలకడగా లేని ఆఫీసులో మెయిల్ సర్వర్ రీట్రై సెట్టింగులు: ఏది ఎవరికి సరిపోతుంది

2023 డిసెంబర్, మిచౌంగ్ తుఫాను దాటిపోయిన వారం. చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మన నెల్లూరు పెద్దాయన ఒకరికి లేత్ వర్క్‌షాపు ఉంది. బుధవారానికి కరెంటు వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఒక పెద్ద కంపెనీకి కొటేషన్ మెయిల్ చేశారు. గురువారం సాయంత్రం ఆఖరు గడువు. శుక్రవారం పొద్దున కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, మీ కొటేషన్ రాలేదు, వేరే వాళ్ళకి ఇచ్చేశాం అన్నారు.

నేను వెళ్ళేసరికి రూటర్ మీద లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. ఫైబర్ బాగానే ఉంది, దాని వెనక ఎక్కడో లైను చచ్చిపోయింది. సర్వర్‌లో 'మెయిల్‌క్యూ' (పంపాల్సిన మెయిళ్ళ వరుసని చూపే కమాండ్) అని కొడితే ఆ కొటేషన్ కదలకుండా కూర్చుని ఉంది. బుధవారం తేదీ, సైజు, పంపినవారి పేరు, కింద బ్రాకెట్లలో 'కనెక్షన్ టైమ్డ్ అవుట్'. సర్వర్ తన పని తాను చేస్తూనే ఉంది. గంటకొకసారి తలుపు తట్టి వెనక్కి వచ్చేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఏందబ్బాయా, బుధవారమే పంపిస్తి గదా! పోలేదని ఒక్క ముక్క చెప్పలేదే అది" అన్నారాయన. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ సర్వర్ పెట్టింది నేనే. ఎంతసేపటికొకసారి ప్రయత్నించాలి, ఎన్ని రోజులు దాచాలి అన్నవి చూసుకున్నాను. ఆలస్యమైతే మనిషికి ఎప్పుడు తెలియాలి అన్నది చూసుకోలేదు. ఆ తర్వాత చెన్నైలో మనవాళ్ళ చిన్న ఆఫీసులు కొన్నిటికి మెయిల్ సరిచేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

## ఎంచుకునే ముందు ఆలోచించాల్సినవి

మొదట, తెగేది ఎవరి వైపు? మన లైను పోతే ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎవరికీ ఇబ్బంది లేదు, ప్యాకెట్ మన గుమ్మం దాటదు కాబట్టి. అవతలి సర్వర్ బరువు మోయలేక 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అంటుంటే మాత్రం నిమిషానికోసారి వెళ్ళడం మన పేరు మనమే చెడగొట్టుకోవడం. ఒకే సెట్టింగ్ ఈ రెండు పరిస్థితులకీ అతకదు. చిక్కంతా అక్కడే ఉంది.

రెండోది, మెయిల్ విలువ ఎంతసేపు ఉంటుంది? ఇన్‌వాయిస్ మూడు రోజులకి చేరినా పనికొస్తుంది. 'కోల్డ్ స్టోరేజ్‌లో వేడి పెరిగింది' అనే అలర్ట్ మూడు గంటలకి చేరితే దండగ.

మూడోది, లైను పోయినప్పుడు డాంగిల్ మీదకో, రెండో లైను మీదకో మారతారా? మారితే మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ చిరునామా) కూడా మారుతుంది. దీని గురించి కింద విడిగా చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఇక నాలుగోది, ఆలస్యం కబురు ఎవరికి, ఏ దారిన, ఎంతసేపటికి చేరాలి?

సెట్టింగులు ముట్టుకునే ముందు ఒక మాట. సర్వర్ అవతలి నుంచి 4 తో మొదలయ్యే కోడ్ వస్తేనో, కనెక్షనే కుదరకపోతేనో రీట్రై చేస్తుంది, అంటే కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. 5 తో మొదలయ్యే కోడ్ వస్తే ప్రయత్నం అక్కడితో ఆపి, మెయిల్ చేరలేదని పంపినవారికి బౌన్స్ పంపుతుంది. కింద చెప్పే అంకెలన్నీ మొదటి రకానికే. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్, నల్‌మెయిలర్ అనేవి మెయిల్ పంపే మూడు సర్వర్ ప్రోగ్రాములు.

## ఏమీ మార్చకపోతే ఎలా ఉంటాయి

| | మళ్ళీ ప్రయత్నం | దాచి ఉంచే కాలం | ఆలస్యమైతే పంపినవారికి కబురు |
|---|---|---|---|
| పోస్ట్‌ఫిక్స్ | 5 నిమిషాలతో మొదలై, పెరుగుతూ గరిష్ఠంగా 4000 సెకన్లు | 5 రోజులు | లేదు (0 గంటలు, అంటే ఆఫ్) |
| ఎగ్జిమ్ | మొదటి 2 గంటలు 15 నిమిషాలకోసారి. తర్వాత 1 గంట నుంచి ఒకటిన్నర రెట్లు పెరుగుతూ 16 గంటల దాకా. ఆపైన 6 గంటలకోసారి | 4 రోజులు | 24 గంటలకి |
| నల్‌మెయిలర్ | 1 నిమిషంతో మొదలై ప్రతిసారీ రెట్టింపు, గరిష్ఠంగా 24 గంటలు | 7 రోజులు | లేదు |

ప్రమాణం ఏమంటుందో కూడా చూడండి. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 5321 (మెయిల్ పంపే పద్ధతికి ప్రమాణ పత్రం) ప్రకారం ప్రయత్నాల మధ్య కనీసం 30 నిమిషాలు ఉండాలి, 4 నుంచి 5 రోజుల దాకా వదలకూడదు. మొదటి గంటలో రెండుసార్లు, తర్వాత రెండు మూడు గంటలకోసారి వెళ్ళడం మంచిదని అందులోనే ఉంది. పోస్ట్‌ఫిక్స్ అంతకంటే తొందర మనిషి. 5 రోజుల్లో సుమారు 110 సార్లు వెళ్తుంది. ఎగ్జిమ్ పాతిక పైచిలుకుతో సరిపెడుతుంది.

## పోస్ట్‌ఫిక్స్, నేరుగా పంపడం

స్థిరమైన ఐపీ, ఒకే లైను, పేరు చెడని అడ్రస్ ఉన్నవాళ్ళకి ఇది. ఇందులో ప్రతి మెయిల్‌కీ దాని వయసే కొలత. క్యూలో ఎంతసేపు ఉందో దాదాపు అంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది, కనిష్ఠ విరామమైన 'మినిమల్ బ్యాకాఫ్ టైమ్'కి తగ్గకుండా, గరిష్ఠ విరామమైన 'మాగ్జిమల్ బ్యాకాఫ్ టైమ్'కి మించకుండా.

కనిష్ఠాన్ని 300 సెకన్ల దగ్గరే ఉంచమంటాను. నిమిషానికి తగ్గిస్తే మెయిల్ తొందరగా పోతుందని చాలామంది అనుకుంటారు. గ్రేలిస్టింగ్ చేసే సర్వర్ కొత్తవారి మొదటి మెయిల్‌ని కాసేపు ఆగి రమ్మంటుంది. పోస్ట్‌గ్రే అనే గ్రేలిస్టింగ్ ప్రోగ్రామ్ అయితే మామూలుగా 300 సెకన్లు ఆపుతుంది. అంతలోపు నాలుగుసార్లు వెళ్ళినా నాలుగుసార్లూ అదే జవాబు. అలాగని ప్రమాణం చెప్పినట్టు 30 నిమిషాలు పెడితే కొత్త కస్టమర్‌కి వెళ్ళే మొదటి మెయిల్ అరగంట లేటు. కనిష్ఠం మార్చదల్చుకుంటే 'క్యూ రన్ డిలే' (క్యూని ఎంతసేపటికొకసారి చూడాలన్నది) దానికంటే ఎక్కువ కాకుండా చూసుకోండి.

గరిష్ఠాన్ని మాత్రం 1800 సెకన్లకి తగ్గించడం మన ఊరికి నప్పుతుంది. 4000 సెకన్లంటే గంటా ఆరు నిమిషాల నలభై సెకన్లు. రాత్రంతా లైను లేక పొద్దున 9 గంటలకి వస్తే, కొన్ని మెయిళ్ళు పది దాటేదాకా కదలవు. అరగంటకి తగ్గిస్తే ఆఫీసు తెరిచిన కాసేపటికే క్యూ ఖాళీ అవుతుంది. అంతకన్నా తగ్గించాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

5 రోజుల గడువుని ముట్టుకోవద్దు. 'రెండు రోజుల్లో పోకపోతే ఇక పోదు' అనేవాళ్ళు 2015 డిసెంబర్ వరదలని, 2016లో వర్దా తుఫాను తర్వాతి రోజుల్ని తలుచుకుంటే చాలు. చెట్లు పడి, స్తంభాలు ఒరిగి, కొన్ని వీధులకి కరెంటు రావడానికే రోజులు పట్టింది. అవతలి ఆఫీసు కూడా మన ఊళ్ళోనే ఉండొచ్చు. బౌన్స్ మెయిళ్ళ గడువు వేరే సెట్టింగ్, దాన్ని 1 రోజుకి తగ్గిస్తే స్పామ్‌కి వచ్చిన చెత్త బౌన్సులు క్యూలో పేరుకోవు.

'డిలే వార్నింగ్ టైమ్' 1 గంట పెట్టండి. వర్క్‌షాపులో నేను వదిలేసింది ఇదే. అయితే దీనికి ఒక లోపం ఉంది. హెచ్చరిక కూడా మెయిలే కదా. పంపినవారి మెయిల్‌బాక్స్ ఆఫీసులోని సర్వర్‌లోనే ఉంటే వెంటనే కనబడుతుంది. మెయిల్‌బాక్స్ క్లౌడ్‌లో ఉంటే ఆ హెచ్చరిక కూడా అదే చచ్చిన లైను వెనక, అదే క్యూలో పడుకుంటుంది. అలాంటి చోట గంటకంటే పాత మెయిల్ ఉందా అని పది నిమిషాలకోసారి తనంతట తానే నడిచి చూసే చిన్న క్రాన్ స్క్రిప్టు పెట్టి, బిల్లింగ్ కంప్యూటర్ తెర మీద ఎర్ర పట్టీ వచ్చేలా చేశాను. నెట్ అవసరం లేని కబురు అది. పెద్దాయన కుర్చీ ఎదురుగానే ఉంటుంది.

లైను రాగానే క్యూని ఒకసారి తోయడం మంచిదే, 'పోస్ట్‌క్యూ' కమాండ్‌కి ఫ్లష్ ఆప్షన్ ఉంది. డెబియన్ లినక్స్ ప్యాకేజీలో నెట్‌వర్క్ లేవగానే తోసే స్క్రిప్టులు ముందే ఉంటాయి. కానీ డయల్ చేసేది రూటర్ అయితే లైను పోయి వచ్చిన సంగతి సర్వర్‌కి తెలియదు. అందుకని బయటి అడ్రస్‌ని పరీక్షిస్తూ, 'లేదు' నుంచి 'ఉంది'కి మారిన ఆ ఒక్క క్షణంలోనే ఫ్లష్ చేసే స్క్రిప్టు రాసుకోవాలి. క్రాన్‌లో నిమిషానికోసారి ఫ్లష్ పెట్టడం మాత్రం వద్దు. బ్యాకాఫ్ లెక్కలన్నీ గాలికి పోతాయి, మిగతా మెయిళ్ళు కూడా నెమ్మదిస్తాయి.

## ఎగ్జిమ్, ఒక్కో చోటికి ఒక్కో నియమం

1995లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ మొదలుపెట్టిన సర్వర్ ఇది. రీట్రై విషయంలో దీనికున్నంత వెసులుబాటు ఇక్కడ చెప్పే మిగతావాటికి లేదు. ఫలానా డొమైన్‌కి ఇలా, కనెక్షన్ టైమవుట్ అయితే ఇలా, అవతల మెయిల్‌బాక్స్ నిండిపోతే అలా, ఫలానా వారు పంపితే మరోలా అని వరుసగా రాసుకోవచ్చు. పైన చెప్పిన చిక్కుకి సూటి జవాబు ఇందులోనే దొరుకుతుంది. టైమవుట్‌కి 10 నిమిషాలు, 4 కోడ్‌కి అరగంట అని విడదీయొచ్చు. అలర్టులు పంపే అడ్రస్‌కి 6 గంటల గడువు, మిగతావారికి 5 రోజులు అని కూడా పెట్టొచ్చు. పోస్ట్‌ఫిక్స్‌లో గడువు మొత్తం సర్వర్‌కి ఒకటే, అలర్టుల కోసం రెండో ఇన్‌స్టాన్స్ (అదే ప్రోగ్రాము ఇంకొకటి విడిగా) నడపాలి.

నిలకడ లేని లైను మీద దీనితో జాగ్రత్తగా ఉండాల్సిన చోటొకటి ఉంది. ఎగ్జిమ్ ఏ హోస్ట్ (అవతలి సర్వర్) అందలేదో ఒక డేటాబేస్‌లో గుర్తు రాసి పెట్టుకుంటుంది. మన లైను పోతే దాని దృష్టిలో లోకంలోని సర్వర్లన్నీ పడిపోయినట్టే. లైను వచ్చాక కూడా, ఒక హోస్ట్‌కి రాసిపెట్టిన సమయం అయ్యేదాకా దాని జోలికి వెళ్ళదు. కొత్తగా రాసిన మెయిల్ కూడా ఆగిపోతుంది. వారాంతం లైను లేకపోతే సోమవారం పొద్దున 6 గంటల విరామంలో ఇరుక్కున్నవి కొన్ని కనిపిస్తాయి. గడువు మొత్తం దాటిపోయిన హోస్ట్‌కైతే కొత్త మెయిల్ కూడా ఎక్కువ ఓపిక పట్టకుండా బౌన్స్ అవుతుంది. కాబట్టి ఎగ్జిమ్ వాడేవాళ్ళు చివరి 6 గంటల విరామాన్ని 1 గంటకి తగ్గించి, లైను వచ్చినప్పుడు అన్నిటినీ బలవంతంగా కదిలించే క్యూ రన్ ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి. హెచ్చరిక 24 గంటలన్నది కూడా గంటకో రెండు గంటలకో మార్చండి.

నియమాలు చదివి అర్థం చేసుకునే మనిషి ఆఫీసులో ఉంటేనే ఇది నా సలహా. మీరు లేని రోజున ఎవరైనా వచ్చి చూసినా తెలియాలి కదా.

## ఆఫీసులో చిన్న క్యూ, బయట రిలే

ఐపీ మారే సంగతి ఇప్పుడు చెప్తాను. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర కస్టమ్స్ క్లియరెన్స్ పని చేసే ఆఫీసు ఒకటుంది. ఫైబర్ పోతే రూటర్ దానంతట అదే 4జీ డాంగిల్ మీదకి మారుతుంది. బ్రౌజర్ ఆగకుండా పనిచేస్తుంది కాబట్టి అందరికీ సంతోషం. మెయిళ్ళు మాత్రం ఆ పూట వరసపెట్టి బౌన్స్ అయ్యేవి. డాంగిల్ మీద పోర్ట్ 25 (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే దారి) మూసి ఉంటే మెయిల్ క్యూలో ఆగుతుంది, అది నయం. తెరిచి ఉంటేనే ప్రమాదం. డాంగిల్ ఐపీకి సరైన రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే నమోదు) ఉండదు, డొమైన్ ఎస్‌పీఎఫ్‌లో (ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితాలో) అది ఉండదు, మారే ఐపీల నుంచి నేరుగా మెయిల్ తీసుకోని సర్వర్లు చాలా ఉంటాయి. అవతలి వాళ్ళు 550 అంటారు. అది 5 కోడ్, రీట్రై ఉండదు. అంటే లైను పూర్తిగా పోవడమే మేలు, సగం ఉండటం కంటే.

ఇలాంటి చోట ఆఫీసు నుంచి నేరుగా పంపడం మానేయాలి. నిలకడైన డేటా సెంటర్‌లో ఒక చిన్న సర్వర్ పెట్టుకోండి, లేదా మీ మెయిల్ కంపెనీ ఇచ్చే రిలే (మన తరఫున మెయిల్ బయటికి పంపే సర్వర్) వాడండి. ఆఫీసు సర్వర్ పోర్ట్ 587 మీద పాస్‌వర్డ్‌తో దానికి అప్పగిస్తే చాలు. ఫైబర్ మీద ఉన్నా డాంగిల్ మీద ఉన్నా తేడా రాదు. లోకంతో జరిగే రీట్రైలన్నీ నిలకడైన చోటి నుంచి జరుగుతాయి.

ఆఫీసు క్యూ మాట్లాడేది మన రిలేతోనే కాబట్టి ఇక్కడ తొందరపడొచ్చు. పోస్ట్‌ఫిక్స్ అయితే క్యూ రన్ 60 సెకన్లు, కనిష్ఠం 60, గరిష్ఠం 300 పెట్టుకోవచ్చు. ఇంకొకటి కూడా మార్చండి. మామూలుగా ఒక్క విడత కనెక్షన్లు విఫలమైతే చాలు, పోస్ట్‌ఫిక్స్ ఆ గమ్యం పడిపోయిందనుకుని మెయిళ్ళన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. గమ్యం రిలే ఒక్కటే అయినప్పుడు లైను ఒక్కసారి తుళ్ళితే క్యూ అంతా ఆగిపోతుంది. 'డెస్టినేషన్ కంకరెన్సీ ఫెయిల్డ్ కోహార్ట్ లిమిట్'ని 1 నుంచి 5కో 10కో పెంచితే ఆ చికాకు తగ్గుతుంది.

దీనికీ ఖర్చు ఉంది. రిలే పాస్‌వర్డ్ మార్చి ఆఫీసు సర్వర్‌లో మార్చడం మరిచిపోతే, పోస్ట్‌ఫిక్స్ దాన్ని తాత్కాలిక తప్పుగానే తీసుకుని పాత పాస్‌వర్డ్‌తో నిమిషానికోసారి వెళ్తూనే ఉంటుంది. అవతల ఖాతా లాక్ అవుతుంది. పాస్‌వర్డ్ మార్చే రోజు ముందు క్యూ ఆపండి.

మెయిల్ సర్వర్ అనదగ్గది లేక, ఒకటి రెండు కంప్యూటర్ల నుంచి అలర్టులు పోతే చాలనుకునేవాళ్ళకి నల్‌మెయిలర్ తేలిక. కానీ పట్టికలోని ఆ 24 గంటల గరిష్ఠం చూశారు కదా. రెట్టింపవుతూ పోతే ప్రయత్నాలు 1, 3, 7, 15, 31, 63, 127, 255, 511 నిమిషాల దగ్గర పడతాయి, ఆ తర్వాతది 1023 దగ్గర. రాత్రి 10 గంటలకి లైను పోయి, పొద్దున 7 గంటలకి వచ్చిందనుకోండి. ఆరున్నరకి ఒక ప్రయత్నం వృథా అయిపోయి ఉంటుంది. మధ్యలో కొత్త మెయిల్ వచ్చి నిద్ర లేపకపోతే తర్వాతి ప్రయత్నం మధ్యాహ్నం 3 దాటాకే. ఆ గరిష్ఠం సెట్టింగ్ 'మాక్స్‌పాజ్'ని 900 సెకన్లు చేయండి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేరో, చేత్తో రాసుకున్న స్క్రిప్టో క్యూ ఏమీ లేకుండా నేరుగా బయటికి మెయిల్ పంపుతుంటే దానికి పైన చెప్పినవాటిలో ఒక క్యూ అయినా తగిలించండి. అందులో రీట్రై మీరే రాయాలని చూడకండి.

## టైమవుట్లు తగ్గించవద్దు

లైను బాగోలేదని టైమవుట్లు తగ్గించే అలవాటు చాలామందికి ఉంది. కనెక్ట్ టైమవుట్ పోస్ట్‌ఫిక్స్‌లో 30 సెకన్లు, అది చాలు. మెయిల్ మొత్తం పంపి చివరి చుక్క పెట్టాక 'అందింది' అన్న జవాబు కోసం ఆగే 600 సెకన్లని మాత్రం తగ్గించకండి. ఆ 10 నిమిషాలు ప్రమాణంలో ఉన్నవే. అవతలి సర్వర్ మెయిల్ తీసేసుకుని, జవాబు దారిలో ఉండగా మనం ఫోన్ పెట్టేస్తే, మనం మళ్ళీ పంపుతాం, వాళ్ళకి రెండు చేరతాయి. 1988లోనే ఆర్‌ఎఫ్‌సి 1047 ఈ సమస్య మీదే వచ్చింది. ఒకే ఇన్‌వాయిస్ మూడుసార్లు వచ్చిందని కస్టమర్ అడిగితే మొదట చూడాల్సింది ఇదే.

పెద్ద అటాచ్‌మెంట్లకి ఏ రీట్రై సెట్టింగూ మందు కాదు. ఎస్‌ఎమ్‌టీపీలో (సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతిలో) ఆగిన చోటి నుంచి కొనసాగించడం లేదు, ప్రతిసారీ మొదటి నుంచే. 20 ఎంబీ డ్రాయింగ్ మెయిల్‌లో ఎన్‌కోడ్ అయ్యాక సుమారు 27 ఎంబీ అవుతుంది. 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద దానికి రెండు నిమిషాల దాకా పడుతుంది. నిమిషానికోసారి తెగే లైనైతే 5 రోజులు కొట్టుకున్నా పోదు. ఫైల్ వేరే చోట పెట్టి లింకు పంపడమే దారి.

ఇంకొకటి డీఎన్‌ఎస్, అంటే డొమైన్ పేరుకి అడ్రస్ చెప్పే వ్యవస్థ. లైను పోయినప్పుడు 'తెలియదు, తర్వాత అడుగు' అనాల్సింది పోయి 'అలాంటి డొమైనే లేదు' అని చెప్పే రూటర్లు నేను చూశాను. సర్వర్ దాన్ని నమ్మి ఆ క్షణమే బౌన్స్ చేస్తుంది. సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ (డీఎన్‌ఎస్ జవాబులు వెతికే ప్రోగ్రామ్) పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

## ఎవరికి ఏది

ఒకే లైను, స్థిరమైన ఐపీ, రోజుకి కొన్ని పదుల మెయిళ్ళు: పోస్ట్‌ఫిక్స్, గరిష్ఠం 1800, హెచ్చరిక 1 గంట, మిగతావి ఉన్నట్టే. లైను మార్చుకుంటూ ఉండే ఆఫీసైతే ఇంకో ఆలోచన లేకుండా రిలే. రకరకాల మెయిళ్ళకి రకరకాల గడువులు కావాలి, చూసుకునే మనిషి కూడా ఉన్నారంటే ఎగ్జిమ్. బయటి నుంచి వచ్చే మెయిల్ గురించి అడిగితే, అక్కడ నడిచేది పంపేవాళ్ళ రీట్రై, మీది కాదు. మీ మెయిల్‌బాక్సులు ఆఫీసు బయట ఉండటమే మంచిది.

ఇవన్నీ చేసినా, ఫైబర్ బాక్స్‌కీ రూటర్‌కీ కలిపి ఒక 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోండి. మా దగ్గర మెయింటెనెన్స్ కోసం కరెంటు తీసే రోజున పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఉండదు. అంతసేపు బ్యాటరీ లాగకపోవచ్చు, కానీ రోజూ వచ్చిపోయే రెండు మూడు నిమిషాల కోతల్లో మెయిల్ మధ్యలో తెగడం దాదాపు ఆగిపోతుంది.

పెట్టాక పరీక్షించండి. రూటర్ నుంచి సర్వర్ కేబుల్ పీకడం సరిపోదు, అప్పుడు సర్వర్‌కి నెట్ లేదని వెంటనే తెలిసిపోతుంది. రూటర్ వెనక ఫైబర్ తీగ తీసి, ఒక మెయిల్ పంపి, గడియారం దగ్గర పెట్టుకుని కూర్చోండి. గంటకి హెచ్చరిక వచ్చిందా, ఎవరికి కనబడింది, తీగ పెట్టాక ఎన్ని నిమిషాలకి పోయింది అని రాసుకోండి. అంబత్తూరులో ప్రతి సెప్టెంబర్ ఆఖరులో, ఈశాన్య రుతుపవనాలకి ముందు, ఈ పరీక్ష చేస్తున్నాం. తీగ తీసేది నేను, ఎర్ర పట్టీ వచ్చిందని కేకేసేది పెద్దాయన.